పడుగు – పేక
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మనము వాకిళ్ళకు మామిడాకుల తోరణాలు కట్టినాము. ఎదురింటి మరాఠీవారు గుఢీ నిలిపినారు. పక్క వీధి కన్నడమువారు బేవు-బెల్లము పంచుకొంటున్నారు. తిథి ఒక్కటే, చైత్ర శుద్ధ పాడ్యమి. పండుగ పేర్లు మాత్రము వేరు. షోలాపురములో పుట్టి పెరిగినవారికి ఇది వింత కాదు. ఒకే వస్తువును మూడు పేర్లతో పిలుస్తూ ఎదిగినవారము మనము.

ఈ సభలో వ్యాకరణమును గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు మమ్ములను కోరినారు. వ్యాకరణమను పేరు వినగానే లేచిపోదామనుకొనేవారు ఒక్క అరగంట ఓపిక పట్టవలెనని మనవి. సూత్రములు చెప్పము, సంధులు విడదీయమని అడుగము. మన ఇంటిలో ప్రతిదినము పలికే వాక్యమును, మన ఇరుగుపొరుగువారు పలికే వాక్యమును పక్కపక్కన పెట్టి చూతము. అంతే.

మనలో చాలమంది మగ్గము ఎరిగినవారు. పడుగు అంటే ఏమో, పేక అంటే ఏమో మీకు మేము చెప్పనక్కరలేదు. పడుగు ముందుగా మగ్గమునకు ఎక్కుతుంది. ఎక్కిన తరువాత బట్ట దిగేవరకు దానిని మార్చ వీలులేదు. పేక అట్లు కాదు. నాడెలో కండె మార్చితే రంగు మారుతుంది. భాషలో మాటలు పేక వంటివి, వాక్యపు కట్టుబాటు పడుగు వంటిది. మన పిల్లలు తెలుగులో మరాఠీ మాటలు, ఇంగ్లీషు మాటలు కలుపుతున్నారని పెద్దలు బాధపడుతుంటారు. అది పేక సంగతి. రైలు, బడ్జెట్టు, కచేరీ, వకీలు అన్నంత మాత్రాన తెలుగు తెలుగు కాకపోలేదు. చూడవలసినది పడుగును.

పిల్లవాడు “నేను బడికి పోతాను” అంటాడు. మరాఠీ పిల్లవాడు “మీ శాళేలా జాఈన్” అంటాడు. కన్నడ పిల్లవాడు “నాను శాలెగె హోగుత్తేనె” అంటాడు. తమిళ దేశములో “నాన్ పళ్ళిక్కుప్ పోవేన్”, ఒడిశాలో “ముఁ స్కూలకు జిబి”. అయిదు భాషలు, మాటలు వేరు వేరు. కాని మొదట చేసేవాడు, నడుమ స్థలము, చివర పని. “కి” అనే ప్రత్యయము అన్నింటిలోను పేరు వెనుకనే వస్తుంది. ఇంగ్లీషులోనైతే పని నడుమకు వస్తుంది, “కి”కి బదులు వచ్చే మాట బడికి ముందు నిలుస్తుంది.

ఇందులో ఇంకొక సౌలభ్యమున్నది. “రాముడు రావణుని చంపెను” అన్నా, “రావణుని రాముడు చంపెను” అన్నా, మన భాషలో చచ్చినవాడు రావణుడే. ప్రత్యయము కాపలా కాస్తుంది. ఇంగ్లీషులో ఆ రెండు పేర్ల చోటు మార్చితే రామాయణమే తలక్రిందులవుతుంది. అక్కడ కాపలా కాసేది మాట వరుస.

ఇక ఆకలి సంగతి చూడండి. మనము “నాకు ఆకలి వేస్తున్నది” అంటాము. ఆకలి కర్త, మనము దానికి లోబడినవారము. మరాఠీ “మలా భూక్ లాగలీ”, కన్నడము “ననగె హసివాగిదె”, తమిళము “ఎనక్కుప్ పసిక్కిఱదు”, ఒడియా “మోతే భోక లాగుఛి”. అన్నింటిలోను “నాకు” అనేదే ఉన్నది. ఇంగ్లీషువాడు నేనే ఆకలిగొన్నవాడనంటాడు. ఫ్రెంచివాడు “నేను ఆకలి కలిగియున్నాను” అన్న చందాన అంటాడు. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉండిన యానాములో మన తెలుగు పిల్లలు బడిలో ఆ వాక్యము నేర్చి, ఇంటికి వచ్చి అమ్మతో “నాకు ఆకలి” అన్నవారే. బడి వాక్యము వేరు, కడుపు వాక్యము వేరు.

మూడవది “అని” అను చిన్న మాట. “రేపు వస్తాను అని చెప్పినాడు” అంటాము. ఇది “అను” ధాతువు నుండి పుట్టినది. తమిళములో “ఎన్ఱు”, కన్నడములో “ఎందు”, “అంత”. ఇవన్నీ మన భాషకు చుట్టములు గనుక ఆశ్చర్యము లేదు. మరాఠీలో “మ్హణూన్”, ఒడియాలో “బోలి” అన్న మాటలు కూడ “చెప్పు” అనే అర్థముగల ధాతువుల నుండి వచ్చి ఇదే పని చేస్తున్నవి. ఉత్తరాది హిందీలో “కి” అనే మాట వాక్యమునకు ముందు వస్తుంది. అదే ఉర్దూ దక్కనుకు వచ్చి మన నడుమ కాపురముండేసరికి “బోల్‌కే” అనడము నేర్చినది.

ఇట్లెందుకు జరిగినది? దీనికి రెండు కారణములు. ఒకటి చుట్టరికము, రెండవది పొరుగు.

చుట్టరికమును తొలుత గుర్తించి అచ్చులో పెట్టినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను దొర. 1816లో మద్రాసులో అచ్చయిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన తన వ్యాసములో తెలుగు, తమిళము, కన్నడము మొదలైనవి ఒక కుటుంబములోనివని, సంస్కృతము నుండి పుట్టినవి కావని ఉదాహరణలతో చూపినాడు. నలుబది ఏండ్ల తరువాత, 1856లో, కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించినాడు.

పొరుగు సంగతిని 1956లో ఎమెనో అను పండితుడు ఇండియా ఒక భాషా ప్రాంతము అను వ్యాసములో ఎత్తి చూపినాడు. కుటుంబములు వేరైనా, వేల ఏండ్లు ఒక చోట మెలగిన భాషలు ఒకదాని నడక ఒకటి నేర్చుకొంటవని ఆయన మాట. అదే 1956లో నవంబరు 1వ తేదీన భాషలనుబట్టి రాష్ట్రముల సరిహద్దులు గీసినారు. పటము మీద గీత గీయవచ్చును. వాక్యము మీద గీయుట కష్టము.

దీనికి మన పొరుగుననే ఒక గొప్ప సాక్ష్యమున్నది. సాంగ్లీ జిల్లాలో కుప్వాడ్ అను ఊరున్నది. అక్కడ జైన రైతులు కన్నడము, ముస్లిములు ఉర్దూ, మరికొందరు మరాఠీ, త్రాళ్ళు పేనేవారు తెలుగు ఇంటి భాషగా మాట్లాడేవారు. గంపర్జ్, విల్సన్ అను ఇద్దరు పండితులు ఆ ఊరి కన్నడము, మరాఠీ, ఉర్దూలను పరిశీలించి 1971లో ఒక వ్యాసము ప్రకటించినారు. వారు తేల్చినదేమనగా, కొన్ని వందల ఏండ్లు కలిసి బ్రతికిన ఆ మూడు భాషల వాక్యములు మాటకు మాట, ప్రత్యయమునకు ప్రత్యయము అతికినట్లు సరిపోవుచున్నవి. అక్కడి మరాఠీలో నది స్త్రీలింగము విడిచి, కన్నడములో వలె నపుంసకమైనది. పడుగే ఒకటైపోయినది. అయినా ఆ భాషలు కలిసి ఒక్క భాష కాలేదు. ఎందుచేత? ప్రతి ఇల్లూ తన వారితో తన మాటలే మాట్లాడినది. బజారు వాక్యమును కలిపినది, ఇల్లు భాషను నిలిపినది.

సోదరులారా, ఇంతవరకు పోలికలు చెప్పినాము. ఇక తేడాలకు వత్తాము. మన బాధ్యత ఉన్నది ఇక్కడనే.

మరాఠీలో “రామానే ఆంబా ఖాల్లా” అంటారు. రాముడు మామిడిపండు తిన్నాడని అర్థము. “రామానే పోళీ ఖాల్లీ” అంటే రొట్టె తిన్నాడని. తిన్నవాడు ఒక్కడే, తిన్న వస్తువునుబట్టి క్రియ మారినది. సీత మామిడిపండు తిన్నా “ఖాల్లా” అనే అంటారు. తెలుగులో క్రియ తిన్నవారిని చూస్తుంది గాని తిన్న వస్తువును చూడదు. ఈ తేడా మన పిల్లలకు ఎవరూ నేర్పకుండానే పట్టుబడినది. ఒక భాష నుండి ఇంకొక భాషకు క్షణములో మారి రెండింటిని తప్పులేకుండ పలుకుతారు. ఈ విద్యను మనము గుర్తించి మెచ్చుకోవలెను.

కాని రెండు చోట్ల పడుగు నూలు తెగుతున్నది.

మొదటిది “కాదు”, “లేదు” అన్న భేదము. “వీడు నా తమ్ముడు” అన్నప్పుడు తెలుగులో చివర క్రియ అక్కరలేదు. మరాఠీలో “హా మాఝా భాఊ ఆహే” అని “ఆహే” చేర్చవలెను. అందుచేత మన పిల్లలు “వీడు నా తమ్ముడు ఉన్నాడు” అంటున్నారు. ఇది వినుటకు ఎబ్బెట్టుగా ఉన్నా అర్థము చెడదు. వ్యతిరేకము చెప్పవలసి వచ్చినప్పుడే చిక్కు. మరాఠీలో వాడుకలో అన్నింటికి “నాహీ” ఒక్కటే. దానినిబట్టి “వీడు నా తమ్ముడు లేడు” అంటున్నారు. తెలుగులో “కాడు” అంటే వేరొకడని, “లేడు” అంటే ఇక్కడ లేడని. పోయినవారిని గురించి “మా నాయన లేడు” అని తగ్గు స్వరముతో చెప్పేదీ ఆ మాటతోనే. ఒకరిని కాదనుటకు, ఒకరు లేకపోవుటకు నడుమ ఎంత దూరమున్నదో ఆ రెండు మాటల నడుమ అంత దూరమున్నది.

రెండవది “మేము”, “మనము” అన్న భేదము. వినేవారిని విడిచిపెట్టి చెప్పితే “మేము”, కలుపుకొని చెప్పితే “మనము”. హిందీ “హమ్” ఈ భేదము చూపదు. ఇంగ్లీషులో లేదు. నేటి కన్నడములో “నావు” ఒక్కటే. ఇంటికి వచ్చిన అతిథితో పిల్లవాడు “రేపు మనము తిరుపతికి పోతున్నాము” అంటే, ఆ పెద్దమనిషి పెట్టె సర్దుకొని వస్తే తప్పు ఎవరిది?

ఇక్కడ ఒక విశేషము గమనించండి. “కాదు–లేదు” భేదము మరాఠీ వాడుకలో లేకున్నా కన్నడములో నిక్షేపముగా ఉన్నది: “అల్ల”, “ఇల్ల”. “మేము–మనము” భేదము కన్నడములో లేకున్నా మరాఠీలో ఉన్నది: “ఆమ్హీ”, “ఆపణ్”. తమిళములోను “నాంగళ్”, “నామ్” ఉన్నవి. ఒక పొరుగువాడు ఒక నూలు పోగును పట్టుకొంటే, మరొక పొరుగువాడు మరొక పోగును పట్టుకొన్నాడు. కనుక ఇరుగుపొరుగు భాషలు మన తెలుగును తినివేస్తున్నవని అనుకొనుట సరికాదు. వాటిని చక్కగా నేర్చిన పిల్లవానికి, తెలుగులోని ఈ భేదములు చెప్పుట ఇంకా సులభము. “ఆపణ్ అన్నచోట మనము అను నాయనా” అంటే చాలును.

మరి తెగుతున్న పోగును ఎవరు అతకవలెను? బంధువుల ఊళ్ళకు పెళ్ళిళ్ళకు పోయినప్పుడు మన పిల్లలు నోరు తెరవగానే అక్కడివారు నవ్వుతారు. నవ్విన రెండు మూడు మార్లకు పిల్ల నోరు మూసుకొంటుంది. తరువాత హిందీలోనో ఇంగ్లీషులోనో జవాబు చెప్పుతుంది. తప్పు వాక్యము వలన భాష చావదు. పలుకుట మానివేసిన ఇంటిలో చస్తుంది. నవ్వేవారికి మేము ఒకటి మనవి చేస్తాము. మన తాతలు తెలంగాణము నుండి మూటలతో తెచ్చుకొన్న తెలుగుకు కూడ వ్యాకరణమున్నది. పాఠ్యపుస్తకములో లేనంత మాత్రాన అది తప్పు కాదు.

ఈ మాట చెప్పుటకు మనకు పెద్దల అండ ఉన్నది. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, కొండలలోని సవరల భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించినారు. లిపి లేని భాషకు నియమములుండవని అనుకొనే రోజులలో, కర్మను క్రియలోనే ఇమిడ్చి పలికే నేర్పు గల భాష అదని లోకము తెలుసుకొన్నది. 1936లో ఒడిశా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. సరిహద్దు ఊరిలో ఉండి, పొరుగువారి భాషను గౌరవించినవారే మన వాడుక భాషకు గౌరవము తెచ్చినారన్నది మరువరాదు.

2011 జనాభా లెక్కలలో తమిళనాడున 42 లక్షలకు పైగా, కర్ణాటకమున 35 లక్షలకు పైగా, మహారాష్ట్రమున 13 లక్షలకు పైగా తెలుగు మాతృభాషయని వ్రాయించుకొన్నారు. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించవలెనని రాజ్యాంగములోని 350-ఏ అధికరణము చెప్పుతున్నది. దానిని అడుగుట మన హక్కు. కాని బడి వచ్చేవరకు ఇల్లు ఆగరాదు. మేము కోరేది మూడే. అన్నము దగ్గర తెలుగు మాట్లాడండి. పిల్లలు తప్పు పలికితే నవ్వక, సరియైన వాక్యమును మీరు ఒకసారి పలికి ఊరుకొనండి. మన సంఘపు ఆదివారపు తరగతిలో అఆలకు ముందు ఒక కథ చెప్పించండి. అక్షరము ఆలస్యముగా వచ్చినా రావచ్చును. వాక్యము చిన్ననాడే రావలెను.

చివరగా ఒక మాట. “మేము” అంటే షోలాపురపు తెలుగువారము. “మనము” అంటే ఎవరెవరు? గుఢీ నిలిపినవారు, బేవు-బెల్లము పంచినవారు, “బోల్‌కే” అనేవారు, మన పిల్లలు, ఈ మాటలు వింటున్న మీరందరు. ఇంత విశాలమైన మాట మన భాషలో ఉన్నందుకు సంతోషించి, దానిని పిల్లలకు అప్పగింతము. మీకందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఇక పచ్చడి పంచవచ్చును.