హెన్రీ ఫాసెట్టుగారి విద్యోద్యోగసేవ



మన విద్యార్థి సహాయనిధి లెక్కలను నిన్న ఈ సభలో చదివిరి. పరీక్షా రుసుములకు పద్దు కలదు. పరీక్ష జరుగు ఊరికి పోవుటకు పద్దు లేదు. ఆ మాట వినినంతనే మాకు హెన్రీ ఫాసెట్టుగారు జ్ఞప్తికి వచ్చిరి.

వీరు 1833లో ఇంగ్లాండునందలి సాల్స్‌బరీలో జన్మించిరి. ఇరువదియైదవ యేట వేటలో కన్నతండ్రి తుపాకి గుండ్లు తగిలి రెండు కన్నులును పోయెను. అయినను 1863లో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రాచార్యులై, 1865లో బ్రైటను ప్రతినిధిగా పార్లమెంటున ప్రవేశించిరి.

పొలము కూలీల పిల్లలను బడికి పంపుట విధి కావలెనని వాదించిరి. డబ్లిను ట్రినిటీ కళాశాలలో మతమునుబట్టి పెట్టిన ఆటంకములు 1873లో వీరు తెచ్చిన చట్టముచేత తొలగెను. కాని రుసుము లేని చదువు తల్లిదండ్రుల బాధ్యతను సడలించునని వీరి తలంపు. ఈ యొక్క విషయమున మేము వారితో నేకీభవింపజాలము. రుసుము కట్టలేక బడి మానిన పిల్లలను మే మెరుగుదుము.

ఇండియా సివిల్ సర్వీసు పరీక్ష ఆ కాలమున లండనులోనే జరిగెడిది. మనదేశపు బిడ్డ పరీక్షకు కూర్చుండుటకే సముద్రము దాటవలెను. తప్పినచో వ్యయమంతయు వ్యర్థము. చట్టము మనవారిని రావలదనలేదు, ఓడ కిరాయియే రావలదన్నది! కలకత్తా, బొంబాయి, మదరాసులలో గూడ అదే పరీక్ష జరుపవలెనని 1868లో ఫాసెట్టుగారు పార్లమెంటులో ప్రతిపాదించిరి. సులభమైన పరీక్షను గాని, మార్కులలో దయను గాని వారడుగలేదు. సర్కారు జిల్లాలును, రాయలసీమయు నాడు మదరాసు రాజధానిలోనివే గదా. ఆ కోరిక నెరవేరియుండిన మనవారి కెంత మేలు! కాని ప్రతిపాదన నెగ్గలేదు. 1874లో వారు బ్రైటనులో ఓడిపోగా, తరువాతి ఎన్నిక ఖర్చులకు ఇండియానుండి చందాలు పోయినవి.

1880లో తపాలాశాఖ కధిపతులై, తంతి ఉద్యోగుల మొర నాలకించి 1881లో జీతములు పెంచిరి. స్త్రీలకు ఆ శాఖలో ఉద్యోగములు విస్తరింపజేసిరి. పురుషులతో సమాన వేతనము మాత్రము వారికి దక్కలేదు.

ఫాసెట్టుగారు 1884లో మరణించిరి. సివిల్ సర్వీసు పరీక్ష మనదేశమున మొదటిసారి జరిగినది 1922లో, అలహాబాదున. అప్పటికి ఆ ప్రతిపాదనకు 54 ఏండ్లు నిండినవి.

నేడు మన పిల్లలు ఓడ నెక్కనక్కరలేదు. అయినను రాత్రి రైలులో నిలువుకాళ్లపై పోయి, స్టేషనులోనే తెల్లవార్చి, కునికిపాట్లతో పరీక్ష వ్రాసిన మన విద్యార్థి యొకనిని మే మెరుగుదుము. ఈ యేటి లెక్కలు ముగియకముందే ప్రయాణమునకును బసకును వేరొక పద్దు వ్రాయింపుడని పోషకులకు మా మనవి. తొలి చందా మేమిచ్చితిమి.