పాత గిటారు మెరుపు
(పోచంపల్లి యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగము)



మన ఆరాధనలో వాయించే పాత గిటారును మీరందరు ఎరుగుదురు. కీర్తిశేషులైన ఒక సంఘ పెద్ద చేతి వాద్యమది. వారి తరువాత వారి సతీమణి దానిని సంఘమునకు ఇచ్చారు. ఒక వానాకాలము మేము దానిని చెమ్మగోడ ప్రక్కనున్న బీరువాలో ఉంచి మరచితిమి. తీసి చూచేసరికి ముందుపలకపై తెల్లని మసక కమ్మియున్నది. తప్పు మాదే. పైగా మాలో ఒకరు తొందరపడి గరుకు కాగితముతో రుద్దారు. అరచేతి వెడల్పున పూత పోయి వట్టి చెక్క బయటపడింది.

అప్పుడు మన నేత పెద్దాయన ఒకరు, "బిడ్డా, మరక పైనున్నదా, లోపలున్నదా, ముందుగల్ల చూసిన్రా?" అని అడిగారు. చిటికి కట్టి, మగ్గమెక్కకముందే నూలుకు రంగు పట్టించేవారి ప్రశ్న అది. ఆ మాటతో మా చేతులు ఆగినవి.

పరీక్షగా చూడగా రంగు మార్పులు మూడు విధములని తెలిసింది. మొదటిది పసుపుదనము. అది ఏండ్ల తరబడి పూతలోనే వచ్చిన మార్పు; తుడిస్తే పోదు, పోగొట్టనక్కరలేదు. రెండవది మోచేయి ఆనే చోట నల్లదనము. పై మురికి, తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డకు వచ్చింది. పూత అరిగి చెక్కలోనికి ఇంకిన చెమట మాత్రము రాలేదు. మూడవది తెల్లని మసక. అది పూతలో చిక్కుకొన్న తేమ.

పూత ఏదో తెలియక మందు వేయరాదు. కంటికి కనబడని చోట దూదితో ఒక చుక్క స్పిరిటు అద్దితిమి. అది జిగురుగా అంటుకొన్నది. అనగా లక్క పూత. మోదుగ, రేగు చెట్లపై లక్క పురుగులు పెట్టే జిగురే అది. అమెరికాలోని మార్టిన్ వంటి తయారీదారులు కూడ 1920లకు ముందు లక్క పూతలు వాడారు; తరువాత నైట్రోసెల్యులోజ్ లక్కరు వచ్చింది. స్పిరిటుకు కరగని పూత అయితే అక్కడే ఆగి, తెలిసినవారికి చూపించవలెను.

తంతులు వదులు చేసి, కిటికీలు తెరచి, దీపము దూరముగా ఉంచితిమి; స్పిరిటు ఇట్టే అంటుకొనును. నూలుగుడ్డ ఉండకు స్పిరిటు అద్ది, తడి ఆరీ ఆరనట్లుండగా ఎక్కడా నిలువక తేలికగా పోనిచ్చితిమి. పూత కొంచెము మెత్తబడి తేమ విడిచింది, మసక తొలగింది. ఒకేచోట నిలిపితే పూతే లేచివచ్చును. రుద్దిన చోట లక్కరేకులు స్పిరిటులో కరగించి, పలుచగా, ఆరనిచ్చి ఆరనిచ్చి పూసితిమి. మెరుపు వచ్చింది గాని పాత రంగు రాలేదు. ఆ మచ్చ నేటికిని ఉన్నది.

మోచేతి నలుపును కూడ గీకుదుమా అని ఆ తల్లిని అడిగితిమి. "ఉండనీయున్రి బిడ్డా, ఆయన చెయ్యి ఆడనే ఆనేది" అన్నారు. అలాగే ఉంచితిమి.

కాబట్టి సహోదరులారా, మీ ఇండ్లలో పాత గిటారు గాని హార్మోనియము గాని ఉంటే గోడచెమ్మకు, ఎండకు దూరముగా ఉంచండి. మరక కనబడితే మొదట అది ఎక్కడున్నదో చూడండి. గరుకు కాగితము చివరికి కూడ చేతబట్టకండి. తుడిచినది చాలకపోతే రేపు మరల తుడువవచ్చును. గీకినదానిని మరల తేలేము. ఇప్పుడు గిటారు శ్రుతిలో ఉన్నది. పాటకు లేతుము.