కారుకు రంగు – ఎంతవరకు మన పని?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేవారు నాకు ముందున్నారు, హెల్త్ కార్డుల గురించి మాట్లాడేవారు నా వెనుక ఉన్నారు. మధ్యలో పావుగంట సేపు కారు రంగు గురించి చెప్పమన్నారు కార్యదర్శి గారు. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాకు రంగు పనితో ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. మొన్న సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు మా ఇంటి ముంగిట్లో నా మారుతీ 800కు నేనే రంగు పని చేసుకున్నాను. కొంతవరకు నేను, అక్కడి నుంచి పెయింటరు. ఆ 'కొంతవరకు' ఎక్కడ ఆగాలో చెప్పడానికే ఈ పావుగంట.

ఆ కారు 2003లో సర్వీసులో ఉండగా అప్పు చేసి కొన్నది. పదిహేనేళ్ళు నిండాక 2018లో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 600 రూపాయలు కట్టాను. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 5,000 అయింది. 2023లో అంతా కట్టాను. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. అంటే 2028లో నా వంతు అది. డబ్బు కడితే చాలదు, బండిని చూపించాలి. అడుగున చిల్లులు పడిన బండిని పాస్ చేస్తారని ఆశ పెట్టుకోలేము. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి "అమ్మేయండి నాన్నా, క్యాబు పిలుచుకోండి" అంటాడు. వాళ్ళమ్మకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళాలి. ఆటో కుదుపులు ఆవిడకు పడవు. క్యాబులవాళ్ళు మా సందు చివర ఆగి రమ్మంటారు. అందుచేత బండి ఉండాలి.

రంగు మొత్తం వేయించడానికి ఒక షెడ్డులో 38,000 అడిగారు. అటూ ఇటూగా నా నెల పెన్షను. అదీ పోనీ అనుకుందును. కాని అంతకు కొన్నేళ్ళ ముందు తలుపుల అడుగులకు బయట రంగు వేయిస్తే రెండు వానాకాలాలు తిరగకుండానే బొబ్బలు లేచాయి. కారణం చిన్నది. తుప్పు గోకకుండా దాని మీదే రంగు కొట్టారు. మా కాకినాడ సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. రంగు కింద మిగిలిపోయిన తుప్పు ఊరుకోదు, లోపల్లోపల పాకుతుంది.

రంగు పని అంటే చాలామంది పిచికారీ అనుకుంటారు. అది పదో వంతు కూడా కాదు. తక్కినదంతా గోకడం, రుద్దడం, కడగడం, ఆరనివ్వడం. గంటల లెక్కన కూలీ ఇచ్చి చేయించే పని గనుక షెడ్డులో తొందరపడేది అక్కడే. మనకు పుష్కలంగా ఉన్నది కాలమే. పైగా ఈ భాగంలో ప్రమాదం తక్కువ, మనం జాగ్రత్తగా ఉంటే.

ముందు బండి చుట్టూ తిరిగి చూడండి. తలుపు అడుగు అంచున నీళ్ళు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడుకుపోతే అద్దం పక్కనుంచి దిగిన వాన నీరు లోపలే నిలిచి, తలుపును లోపలి నుంచి తింటుంది. చీపురు పుల్లతో పొడిస్తే చాలు. నా తలుపుల నుంచి పొడిచిన రోజున గరిటెడు ఎర్రమట్టి రాలింది. కారులున్నవారు ఈ ఒక్క పని రేపు పొద్దున్నే చేయండి, రంగు సంగతి తరువాత. చక్రాల పైన వంపులు, ముందు అద్దం రబ్బరు కింద, తలుపుల కింద నడిచే పట్టీ కూడా చూసుకోవాలి. స్క్రూడ్రైవరు మొనతో నొక్కినప్పుడు రేకు లోపలికి పోతే అది వెల్డింగు పని, మనది కాదు.

రేకు గట్టిగా ఉంటే తీగ బ్రష్షుతోను, 80 నంబరు కాగితంతోను మెరుపు వచ్చేదాకా గోకాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు షాపులో తుప్పు మందు అమ్ముతారు. అందులో కొన్ని రకాలలో టానిక్ ఆమ్లం ఉంటుంది. పూసిన కాసేపటికి ఎర్రని తుప్పు నల్లగా మారి గట్టిపడుతుంది. అది చూసినప్పుడు నాకు కొత్త అనిపించలేదు. కరక్కాయలో ఉండే వగరు ఆ జాతిదే. మన తాతలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ వారు కరక్కాయ పట్టించిన బట్ట మీద, బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరబెట్టిన ద్రావణంతో నల్ల గీత గీస్తారు. ఇనుము, వగరు కలిస్తే వచ్చే నలుపే అక్కడా ఇక్కడా. జీవితమంతా సిరాతో బతికినవాడిని, రిటైరయ్యాక కూడా అది వదలలేదు.

పాత రంగును గోకేటప్పుడు ఒక్క మాట. పాతకాలపు పసుపు, ఎరుపు రంగుల్లో సీసం వాడేవారు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లోకి, మనవల చేతుల్లోకి పోతుంది. కనుక తడి కాగితంతో, నీళ్ళు పోస్తూ రుద్దండి. రుద్దిన నీళ్ళు తులసికోట వైపు పారనివ్వకండి. సొట్టలు పూడ్చే మెటల్ పేస్టు సంగతి వేరు. అది నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి మూతికి మాస్కు కట్టుకుని పొడిగానే రుద్దాలి. దానిలో గట్టిపడే మందు కలిపాక మన ఎండలకు పది పదిహేను నిమిషాలలో రాయి అవుతుంది. నిమ్మకాయంత ముద్ద చొప్పున కలుపుకుంటే వృథా ఉండదు. తరువాత 180, 320 కాగితాలు, ప్రైమరు, దాని మీద 600 నంబరు తడి కాగితం. అరచేత్తో నిమిరి చూడాలి. కంటికి కనపడని గతుకు చేతికి దొరుకుతుంది.

ఇంతవరకు నేను చేశాను. రోజుకు రెండు గంటలు, పది దాటి మంచు ఆరాక మొదలుపెట్టి, ఒక్కొక్క తలుపు చొప్పున. ఖర్చు ఆరు వేలు దాటలేదు.

ఇక రంగు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. వంద ఏళ్ళ క్రితం కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. 1924 మోడలు ఓక్లాండ్ కార్లకు డ్యూపాంట్ కంపెనీ వారి డూకో రంగు వేసినప్పటి నుంచి ఆ పని గంటలలోకి వచ్చింది. మన వడ్రంగులు నేటికీ డూకో అంటున్న మాట అక్కడిదే. ఆ జాతి రంగులు థిన్నరు ఆరితే గట్టిపడతాయి. వాన ముసురులో వేస్తే తేమ పట్టి తెల్లగా పాలిపోతాయి కనుకనే నేను సంక్రాంతి తరువాత ముహూర్తం పెట్టుకున్నాను. ఇప్పుడు షెడ్డుల్లో ఎక్కువగా వేసేది అది కాదు. రంగులోనో, పైన వేసే క్లియరులోనో హార్డనరు కలిపే రకం. అద్దంలా మెరుస్తుంది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దానిలో ఐసోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. పిచికారీ చేసినప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందా, ఆపైన కాస్త సోకినా ఆయాసం వస్తుంది. ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా ముక్కుకు వాసన తెలియదు. గుడ్డ మాస్కు, కరోనా నాటి మాస్కు దాన్ని ఆపవు. పని చేసేవారికి బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే ముసుగు, గాలి లాగే గది కావాలి.

నాకు చలికాలంలో ఉబ్బసం ఉంది. అందుకని నేను గన్ను పట్టుకోలేదు. మాకు తెలిసిన పెయింటరుకు అప్పగించాను. నలభై ఐదేళ్ళవాడు, చెయ్యి చాలా మంచిది. మూతికి జేబురుమాలు కట్టుకుని మొదలుపెట్టబోయాడు. మధ్యమధ్య దగ్గుతున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి బాబూ ఈ దగ్గు?" అన్నాను.

"చలికాలం వస్తే ఇంతేనండి మాస్టారూ. ఆదివారం పని ఉండదు కదండి, ఆ రోజు బాగుంటాదండి. మళ్ళీ సోమారం మామూలే."

సెలవు రోజున తగ్గి పనిరోజున వచ్చే దగ్గు వృత్తి వల్ల వచ్చే ఉబ్బసానికి గుర్తు అని మా డాక్టరు గారు చెప్పి ఉన్నారు. నేను ఆ పూట పని ఆపించాను. నా బండికి హార్డనరు వద్దన్నాను. "మెరుపు తగ్గుద్దండి, రెండు మూడేళ్ళకే వెలుస్తాదండి, తరవాత నన్ననకూడదు" అన్నాడు. అనను అన్నాను. హార్డనరు అక్కరలేని మామూలు తెల్ల రంగే, అదీ కార్బను డబ్బీలున్న మాస్కు నేను కొనిచ్చాక, ఆరుబయట వేశాడు. ఆ మాస్కు అతనికే ఇచ్చేశాను. అతన్ని ఛాతీ డాక్టరు దగ్గరకు పంపడానికి నాకు మూడు వారాలు పట్టింది. పనిరోజు పోతుందని అతని బాధ. పోయిన కూలీ నేను ఇస్తానన్నాక వెళ్ళాడు. ఇప్పుడు ఇన్‌హేలరు వాడుతున్నాడు. పని మానలేదు, పిల్లల చదువులున్నాయి.

మీలో ఎవరైనా స్ప్రే డబ్బాతో తామే వేసుకోదలిస్తే, డబ్బా మీద హార్డనరు ఉన్నదో లేదో చదివి, లేనిదే కొనండి. ముందు అట్టముక్క మీద వేసి చూడండి. అడుగు దూరం లోపు పట్టుకుని, చెయ్యి ఆపకుండా, పలుచగా మూడు నాలుగు పూతలు. ఒకేసారి మందంగా వేస్తే కన్నీళ్ళలా కారుతుంది. మచ్చ వరకే వేస్తే అతుకు కనబడుతుంది గనుక తలుపు అంచు నుంచి అంచు దాకా వేయాలి. థిన్నరు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. దేవుడి గదిలో దీపం, వంటింట్లో పొయ్యి ఆర్పించి మొదలుపెట్టండి. మా ఆవిడ ఆ నెల రోజులూ నన్ను అడగనిదే అగ్గిపుల్ల గీయలేదు.

కారు రంగు ఆర్.సి.లో రాసి ఉంటుంది. వేరే రంగు వేస్తే ఆర్టీఓ కార్యాలయంలో మార్పించుకోవాలి. సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ అయితే మనం వేయనే కూడదు, రూలు ఉంది. తెలుపు మీద తెలుపు వేస్తే ఏ ఫైలూ కదపనక్కరలేదు.

కారు బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాల తరువాత చూడవచ్చు. పెయింటరు ఫోను నంబరు నా దగ్గర ఉంది. పని ఇచ్చేవారు మాస్కు పెట్టుకుంటేనే అని చెప్పి ఇవ్వండి. సెలవు.