కచ్ ప్రయాణం – నేను నేర్చుకున్న పాఠం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబంతో కచ్ వెళ్లివచ్చిన విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. విశేషాల కన్నా, నేను చేసిన పొరపాటు చెబితేనే మీకు ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

వానాకాలంలో రణ్ నీటితో నిండి ఉంటుంది. అది ఇంకి, ఉప్పు తెల్లగా పేరుకునేది చలికాలంలోనే. అందుకని నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేసి, డిసెంబరు చివర బయలుదేరాం. మేమిద్దరం, అబ్బాయి, కోడలు, మనవలిద్దరు. అహ్మదాబాదు దాకా రైలు, అక్కడి నుంచి అద్దె బండి. సర్వీసంతా టూరు ప్రోగ్రాంలు వేసిన చెయ్యి కదా! గంటల వారీగా పట్టిక వేసి తలో కాపీ ఇచ్చాను.

భుజ్ నుంచి ధోర్డో సుమారు 80 కిలోమీటర్లు. దారిలో బన్నీ గడ్డిభూములు. సర్కారు తుమ్మ చాలా మేర ఆక్రమించినా, బన్నీ గేదెల మందలు ఇంకా అక్కడ మేస్తూనే ఉన్నాయి. ఆ ఉదయం ఆలస్యమైందని, టిఫిన్‌కు ఆగకుండా బండి పోనిమ్మన్నాను. మా ఆవిడకు ఇరవై ఏళ్లుగా షుగరు. అప్పటికే ఇన్సులిన్ వేసుకుంది. చెమటలు పట్టి మాట తడబడేదాకా ఎవరికీ చెప్పలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. గ్లూకోజ్ పొట్లం సామాన్ల అడుగున ఉంది.

డ్రైవరు ఒక పశువుల కాపరుల ఊళ్లో ఆపాడు. ఆ ఇంటి ఇల్లాలు పరుగున వెళ్లి పంచదార కలిపిన పాలు తెచ్చింది. మా ఆవిడ ఇంకా మింగగలిగే స్థితిలో ఉండబట్టి బతికిపోయాం. వాళ్ల గుండ్రటి మట్టి ఇంట్లోనే గంటసేపు కూర్చున్నాం. భూంగా అంటారు దాన్ని. 2001 జనవరి 26 భూకంపానికి పెద్ద పెద్ద మేడలు కూలినా, ఇలాంటి ఇళ్లు చాలావరకు నిలిచాయి.

తేరుకున్నాక, "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీ ప్రోగ్రాం పాడవుతుందేమోనండీ" అంది.

నాకు మాట రాలేదు. మనవడు నా పట్టిక తీసుకుని, మొదటి గడిలో "నానమ్మ టిఫిన్" అని రాశాడు.

ఆ తరువాత కొన్ని చోట్లు వదిలేశాం. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ధోలావీరా మాత్రం చూశాం. నాలుగు వేల ఏళ్లకు పూర్వమే అక్కడివారు పెద్ద పెద్ద జలాశయాలు కట్టి వాననీరు దాచుకున్నారు. నేనేమో గ్లూకోజ్ పొట్లాన్ని చేతికందకుండా దాచాను!

మిత్రులారా, వెళ్లేవారు మందులు, తీపి, నీళ్లు ఒళ్లో పెట్టుకోండి. తెల్ల రణ్‌కు పర్మిట్ కావాలి, గుర్తింపు కార్డులు మరువకండి. భుజ్‌లోనే ట్యాంకు నింపించండి. చీకటి పడకముందే బసకు చేరండి. అన్నిటికన్నా ముందు, ఇంట్లో అందరికన్నా నీరసంగా ఉన్నవారిని అడిగి ప్రోగ్రాం వేయండి.