పెద్ద పండగ నాడు పేరుపేరునా

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్ దగ్గర మన బర్మామైన్స్‌లో సంక్రాంతి అంటే చాలా తెలుగిళ్లలో పోయిన పెద్దలకు బట్టలు పెట్టే రోజు. శ్రీకాకుళం, విజయనగరం వైపు దీన్నే పెద్ద పండగ అంటారు.

గోడవారగా పీట వేసి, కొత్త చీర, పంచె మడత విప్పకుండా ఉంచి, అంచులకు పసుపు రాస్తారు. అరిటాకులో అన్నం, గుమ్మడికాయ కూర, గారెలు, అరిసెలు వడ్డించి సాంబ్రాణి వేస్తారు. పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. తర్వాత ఆ బట్టలు ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. ఈ ఆచారంలో నాకు బాగా నచ్చేది ఇదే. తాతకు పెట్టిన పంచె మనవడి ఒంటిమీదికి వస్తుంది.

1912లో ఈ ఊళ్లో మొదటిసారి ఉక్కు తయారైంది. ఆ తర్వాత కొలిమి పనికీ రైలు పనికీ ఊరొదిలి వచ్చిన ఆ పెద్దల రెక్కల కష్టమే మనం ఈ రోజు తింటున్న అన్నం.

ఈ సంక్రాంతి రోజుల్లోనే మన ఇరుగుపొరుగువాళ్లు టుసు పండగ చేసుకుంటారు. పంట ఇంటికొచ్చిన సంతోషంతో రంగుకాగితాలతో అలంకరించిన చౌడల్ అనే మండపం లాంటి చట్రాన్ని ఎత్తుకుని, పాడుకుంటూ సువర్ణరేఖ ఒడ్డుకు వెళ్తారు. మనల్ని కలుపుకున్న నేల వాళ్లది. ఓ గిన్నెడు అరిసెలు వాళ్లింటికి పంపండి.

ఈసారి పెద్దల పేర్లు చెప్పేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ తాత ఏ పని చేశాడో, ఏ అమ్మమ్మ ఏ ఊరినుంచి వచ్చిందో చెప్పండి. ఇంట్లో ఉన్న పెద్దలకు దండం పెట్టి, "మీ చలవే" అని నోరారా అనండి. దూరాన ఉన్నవాళ్లకు భోజనాలకు ముందే ఫోన్ చేయండి.