ఆముదపు గింజ నేర్పిన విద్య


తెలంగాణ చెలకలలో పండు ఆముదపు గింజ మొలకెత్తునపుడు తనలోని నూనెను తానే విడదీసి మొలకకు ఆహారము చేయును. ఆ పని చేయునది లైపేజు అను ఎంజైము. 1890లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గ్రీను దానిని గుర్తించెను.

సబ్బులకు మూలమైన కొవ్వు ఆమ్లములను నూనెనుండి తీయుటకు కర్మాగారములలో సుమారు 250 డిగ్రీల వేడి, గొప్ప పీడనము వాడుదురు. పాపము, ఆముదము ఆ వేడికి చెడును. లైపేజుకు గోరువెచ్చదనమే చాలును.

చిక్కంతయు వెలతోనే. నీటిలో కలిపిన ఎంజైము ఒక్క వాడుకతో పోవును. కావున దానిని సన్నని గుళికలకు అతికించిరి. నూనె, నీరు వాటిమీదుగా పారగా కొవ్వు ఆమ్లములు, గ్లిజరిను విడివడును. గుళికలు మరల పనికివచ్చును.

1944లో హైదరాబాదున వెలసి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అనబడు పరిశోధనాలయము నూనెల శాస్త్రమునకు పేరుగన్నది. గుళికల సత్తువ క్రమముగా తగ్గును. అది ఎన్ని వాయిలకు నిలుచునో దానిని బట్టియే ఈ పద్ధతి గిట్టుబాటగును.