గాలిబ్ పక్కన పెట్టిన షేర్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక మంచి పుస్తకాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. మేము ఎంచుకున్నది మీర్జా గాలిబ్ జీవిత చరిత్ర. మెహర్ అఫ్షాన్ ఫారూఖీగారు ఇంగ్లీషులో రాశారు. 2021లో అచ్చయింది.

గాలిబ్ పేరు వినని ఇల్లు మనలో లేదు. 1797లో ఆగ్రాలో పుట్టి, 1869లో ఢిల్లీలో కన్నుమూశారు. తీరని అప్పులు, పెన్షన్ కోసం కలకత్తా దాకా ప్రయాణం, కన్నబిడ్డలంతా పసితనంలోనే పోవడం, ఇంత బాధలోనూ వదలని హాస్యం, ఇవన్నీ మనం విన్నవే. శిష్యుడు హాలీ 1897లో రాసిన యాద్‌గార్-ఎ-గాలిబ్ చలవవల్లే ఆ మనిషి మన కళ్ళకు కట్టాడు. అది గురువు మీద ప్రేమతో రాసిన గ్రంథం.

మరి కొత్తగా చెప్పడానికేముంది అంటారా? ఉంది. ఫారూఖీగారు ఒక్క ప్రశ్న పట్టుకున్నారు. గాలిబ్ తాను రాసిన ఉర్దూ కవిత్వంలో అంత భాగాన్ని ఎందుకు పక్కన పెట్టేశారు?

ఆయన ఉర్దూ దీవాన్ మొదటిసారి 1841లో అచ్చయింది. అందులో ఉన్నవి సుమారు 1100 షేర్లు. అందులో లేనివి తనవిగా ఎంచవద్దని ముందుమాటలో ఆయనే కోరారు. అయితే 1821 నాటి రాతప్రతి ఒకటి భోపాల్‌లో బయటపడి 1921లో అచ్చయింది. ఆ ప్రతి నాటికి గాలిబ్‌కు పాతికేళ్ళు నిండలేదు. దీవాన్‌లోకి రాని షేర్లు అందులో వందలకొద్దీ ఉన్నాయి!

కవిత్వం మరీ కఠినంగా ఉందని స్నేహితులు చెబితే ఏరి పారేశారని పాతకాలం నుంచి ఒక మాట ఉంది. ఫారూఖీగారు ఆ మాటను ఊరికే ఒప్పుకోరు. రాతప్రతులు, ముందుమాటలు ఎదురెదురుగా పెట్టి చూస్తారు. నడివయసులో ఆయన మనసంతా ఫారసీ మీదికి ఎలా మళ్ళిందో కూడా వివరిస్తారు. ఈ పుస్తకం కథలాగా సాగదు, నిదానంగా చదవాలి. పిల్లలకైతే ముందు హాలీ చెప్పిన సంగతులు చెప్పి, తర్వాత ఇది చేతికివ్వడం మేలని మా అభిప్రాయం.

కవి వద్దన్నవాటిని మనం చదవవచ్చునా? ఇది న్యాయమైన సందేహమే. ఆయన ఏరి ఇచ్చిన దీవాన్‌ను ఆయన మాటగా గౌరవిద్దాం. మిగిలినవాటిని ఆయన నడిచి వచ్చిన దారికి సాక్ష్యంగా చూద్దాం. గొప్పవారిని గోడకు పటం కట్టి దండ వేస్తే సరిపోదు, వారు ఎలా గొప్పవారయ్యారో కూడా తెలియాలి.

ఉర్దూ లిపి రాని తెలుగువారికి గాలిబ్‌ను అందించినవారు దాశరథిగారు. 1961లో వచ్చిన గాలిబ్ గీతాలు, వాటికి బాపుగారి బొమ్మలు ఎందరికో ప్రీతిపాత్రం. ఈ జీవిత చరిత్ర కూడా ఎవరైనా తెలుగు చేస్తే మన పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది.

చివరగా ఒక మనవి. భోపాల్‌లో ఆ ప్రతిని భద్రంగా దాచబట్టే నూరేళ్ళ తర్వాత అది లోకానికి దక్కింది. మరి మన ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? నానా నానీలు ఉర్దూలో రాసుకున్న ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు చదివే దిక్కులేక పాత కాగితాల కింద తూకానికి పోతున్నాయి. అందులో గాలిబ్ ఉండకపోవచ్చు. మన తాతలు మాత్రం ఉంటారు కదా! తూకానికి వేసే ముందు ఉర్దూ వచ్చిన పెద్దలకు ఒక్కసారి చూపండి. పిల్లలకు వారానికి ఒక గంట ఆ లిపి నేర్పించండి. ఏది ఉంచాలో, ఏది వదలాలో గాలిబ్ తెలిసి నిర్ణయించారు. మనం తెలియక పారేసుకోకూడదు.